ఏడు దెబ్బల పాట

మా మామ్మ మా ఊరి ప్రార్థన మందిరంలో పాడటం ఎప్పుడు మానేసిందో నాకు కచ్చితంగా గుర్తులేదు. ఎందుకు మానేసిందో మాత్రం ఈ జనవరిలో పాలకొల్లు వెళ్ళొచ్చాక తెలిసింది.

మాది సఖినేటిపల్లి మండలంలో వశిష్ఠ గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఊరు. నేను నరసాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రోజూ పొద్దున్నే రేవుకెళ్ళి పంటు ఎక్కి, అవతల గట్టున దిగి కాలేజీకి నడుస్తాను. ఆదివారం మాత్రం మా మందిరంలో మైకు ముందు నిలబడతాను. ఇంటరులో చేరినప్పటి నుంచీ ఆరాధనలో పాటలు నడిపించే పని నాదే. అప్పట్లో మాకు ఒక డోలకు, రెండు జతల తాళాలు, ఒక కంజీర ఉండేవి. రెండేళ్ళ కిందట సంఘమంతా కానుకలు వేసుకుని కీబోర్డు కొన్నాం. ఆ తర్వాతి క్రిస్మస్‌కి కరెంటుతో దరువులు వాయించే రిథమ్ ప్యాడ్ వచ్చింది. వెనకాలే మనిషెత్తు స్పీకరు పెట్టెలు రెండు. పల్లెటూళ్ళో ఉన్నా మేమూ పెద్ద సంఘాల్లాగే పాడుతున్నామని ఎంత సంతోషపడ్డానో.

ఆ సంతోషంలో నేను చూడనిది ఒకటుంది. చాపల మీద ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. మా మామ్మ అందరికంటే ముందు. చదువు రాదు, అయినా కీర్తనల పుస్తకంలో సగం పాటలు ఆమెకు కంఠతా వచ్చు, అన్ని చరణాలతో సహా. పాత కీర్తన ఎత్తుకుంటే మామ్మ ప్రతి వరసా మాకంటే ఒక్క రవ్వ ముందు అందుకునేది. మైకు దగ్గర మేం ఒక చోట, మామ్మ ఇంకో చోట. ఓ ఆదివారం ఇంటికొచ్చాక నేనే చెప్పాను, "మామ్మా, నువ్వు పరిగెడుతున్నావు, కొంచెం ఆగి అందుకో, అందరూ ఇటే చూస్తున్నారు" అని. ఆమె లేసు అల్లుకుంటూ "అలాగేలేవే" అంది. ఆ తర్వాత ఆదివారం నుంచి కళ్ళు మూసుకుని కూర్చోవడమే.

పాలకొల్లులో పాటలు నడిపించే యువతీ యువకులకు మూడు రోజుల ఆరాధన సదస్సు ఉందని పాస్టరు గారు సంక్రాంతి ముందు ప్రకటించారు. మా కీబోర్డు తమ్ముడికి ఇంటరు ప్రాక్టికల్సు దగ్గరపడ్డాయి, రాలేనన్నాడు. పక్క ఊరి సంఘం నుంచి ఒక అక్క వస్తోందంటే నాన్న ఒప్పుకున్నాడు. దాళ్వా నాట్లు వేసే రోజులు, అమ్మకు ఇంట్లో మనిషి సాయం కావాలి, అయినా పంపింది. నమోదు రుసుము మూడొందలు మామ్మ ఇచ్చింది, లేసు కూలి డబ్బులు. తీసుకునేటప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

గురువారం మధ్యాహ్నం పంటు దాటి, నరసాపురంలో ఆటో ఎక్కి పాలకొల్లు చేరాం. సదస్సు ఒక స్కూలు ఆవరణలో. గేటు దగ్గర బల్ల వేసుకుని పేరు, ఊరు, సంఘం, ఏం వాయిస్తారు, ఏం పాడతారు రాసుకుని మెడలో వేసుకునే కార్డు, ఒక నోటు పుస్తకం ఇచ్చారు. ఆడపిల్లలకు పైఅంతస్తు తరగతి గదులు, గదికి పదిహేను మందిమి. చాపలు వాళ్ళే ఇచ్చారు, దుప్పటి, గ్లాసు మనం తెచ్చుకోవాలి. దోమల గురించి ఎవరూ ముందు చెప్పలేదు. వెళ్ళేవాళ్ళు దోమల చక్రం తప్పకుండా పెట్టుకోండి. తెల్లవారుజామున నాలుగున్నరకే స్నానాల గదుల ముందు వరస కట్టాలి. ఐదున్నరకు ప్రార్థన కూడిక. భోజనాలు మాత్రం కడుపునిండా పెట్టారు. రెండో రోజు పెట్టిన చేపల పులుసు మా ఇంటి పులుసుకేమీ తీసిపోదు.

మొదటి రాత్రి ఆరాధనలో నిజంగా నా ఒళ్ళు పులకరించింది. రెండొందల మంది దాకా ఉంటాం, అందరూ పాటలు నడిపేవాళ్ళే, అందరివీ సాధన చేసిన గొంతులే. అలాంటి చోట పాడితే నేల కదిలినట్టుంటుంది. ఇలాంటిది మా ఊళ్ళో ఎప్పుడొస్తుందా అనుకుంటూ పాడాను. పాటలయ్యాక గాత్రం నేర్పే అక్క ఒకామె మైకు తీసుకున్నారు. నలభై ఏళ్ళుంటాయేమో. అందరినీ నోటు పుస్తకం తెరవమన్నారు. "పోయిన ఆదివారం మీ సంఘంలో ఎంతమంది పాడారో రాయండి. మీరు, మీ బృందం కాకుండా" అన్నారు.

నేను పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. మందిరంలో ఎనభై మంది దాకా కూర్చుంటారని తెలుసు. ఎంతమంది నోరు కదిలింది? తెలీదు. పాడేటప్పుడు నేను కళ్ళు మూసుకుంటాను, అది భక్తి అనుకునేదాన్ని. మా పెట్టెల మోతలో వాళ్ళ గొంతులు నాకు వినిపించవు. పక్కనున్న అక్క పుస్తకంలోకి చూశాను, ఆమె కాగితమూ ఖాళీగానే ఉంది. "పాట నడిపించడమంటే పాడటం కాదర్రా, పాడించడం" అన్నారు గాత్రం అక్క. బైబిలులో ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం 19వ వచనం తీయించారు. కీర్తనలు, పాటలు ప్రభువుకు పాడేవే, అయినా ఒకరితో ఒకరు చెప్పుకునే మాటలు కూడా అని అక్కడ పౌలు రాశాడు. ఎన్నోసార్లు చదివిన వచనం. పక్కవాళ్ళ గొంతు వినబడకపోతే ఒకరితో ఒకరు చెప్పుకోవడం ఎలా కుదురుతుందని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

శుక్రవారమంతా పాఠాలే. పొద్దున శృతి గురించి. మేం నడిపేవాళ్ళం మా గొంతుకు ఎక్కడ మెరుపు వస్తుందో అక్కడ శృతి పెట్టుకుంటాం. నేను అయితే చాలా పాటలు E స్కేలులోనే పాడేదాన్ని, పైస్థాయిలో నా గొంతు బాగుంటుందని అందరూ అనేవాళ్ళు. గాత్రం అక్క ఒక పాట తీసుకుని, దాంట్లో అన్నిటికంటే కింది స్వరం ఏది, పై స్వరం ఏది, ముందు అవి వెతకమన్నారు. పై స్వరం కీబోర్డు మీద D దగ్గర, మరీ కావాలంటే E-ఫ్లాట్ దగ్గర ఆగాలి. కింద A దాకా దిగొచ్చు. ఆడవాళ్ళు వాళ్ళ స్థాయిలో, మగవాళ్ళు వాళ్ళ స్థాయిలో, సంగీతం నేర్చుకోనివాళ్ళు కూడా ఆ మధ్యలో ఇబ్బంది లేకుండా పాడగలరు. అంతకు పైకి వెళ్తే ముసలివాళ్ళు, మగపిల్లలు ముందు ఆగిపోతారు. నేను నడిపే పాటలు లెక్క చూసుకుంటే తొమ్మిదింటిలో ఏడు ఆ గీత దాటి ఉన్నాయి. నా గొంతు బాగా వినిపించడానికి నేను ఎంచుకున్న శృతి జనాన్ని పాట బయట నిలబెట్టింది.

తర్వాత సౌండు గురించి ఒక అన్న చెప్పారు. మైకు స్పీకరుకు ఎదురుగా ఉంటే దాని శబ్దం దాంట్లోకే తిరిగి వెళ్ళి కూత పెడుతుంది, అందుకే పెట్టెలు మైకులకు ముందుండాలి, గెయిన్ (మైకు శబ్దం ఎంత లోపలికి తీసుకోవాలో) ముందు సర్దుకుని ఆ తర్వాత ఫేడరు (బయటికి ఎంత పంపాలో) జరపాలి, ఇలాంటివన్నీ. నాకు పనికొచ్చింది ఒక్కటే: మందిరం మధ్యలోకి వెళ్ళి నిలబడి, పక్క మనిషి పాట వినిపించేదాకా మిక్సరు తగ్గించమన్నారు.

తాళం పాఠం మధ్యాహ్నం. భోజనం చేసి అందరూ తూగుతున్న వేళ. చెప్పినాయన వయసులో పెద్దాయన, ఒకప్పుడు క్రైస్తవ బుర్రకథల్లో డక్కీ వాయించేవారట. ఆయన చేతిలో ఏ వాయిద్యమూ లేదు, పాత కీర్తనల పుస్తకం ఒక్కటే ఉంది. "పాట పైన చిన్న అక్షరాల్లో ఏముందో ఎప్పుడైనా చూశారా నాన్నా?" అన్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్న పుస్తకం. నేనెప్పుడూ ఆ వరస చదవలేదు. ఆది, రూపకం, చాపు, త్రిపుట అని ఆయన చదువుతుంటే ఆ పేర్లు కర్ణాటక సంగీతం వాళ్ళవి కదా, మనవా అనిపించింది.

అప్పుడు ఆయన పురుషోత్తమ చౌదరి గారి గురించి చెప్పారు. తెలుగు క్రైస్తవ కీర్తనలకు పునాది వేసినవారిలో ముందు చెప్పుకోవలసిన కవి, 1803లో పుట్టి 1890 దాకా జీవించారు. మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ పుట్టిందీ 1803లోనే. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు తమ భార్యలతో సహా వచ్చి ఈ నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో సువార్త మొదలుపెట్టారు. 1847లో ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. కూలికి వచ్చిన జనంలో, ఆ తర్వాత ఊళ్ళల్లో, వాక్యం విన్నవాళ్ళలో చాలామందికి చదువు లేదు. "చదువు రానివాళ్ళకి పాటే బైబిలు నాన్నా. పుస్తకం పోతే పోద్ది, వానకు తడుస్తది. తాళంతో నేర్చుకున్న పాట పోదు" అన్నారు. మామ్మ గుర్తొచ్చింది. తప్పిపోయిన కుమారుడి కథ ఆమె ఎప్పుడూ పాటలోనే చెప్పేది.

తర్వాత ఆయన పేజీ తిప్పి ఒక కీర్తన చూపించారు. పైన త్రిపుట అని ఉంది. మేం ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల ఆరాధనలో, అంటే ప్రభువు కడరాత్రి భోజనాన్ని తలుచుకునే ఆరాధనలో, పాడే పాటే. "దీన్ని మీ దగ్గర ఎలా పాడతారు?" అంటే నేనే లేచి రెండు వరసలు పాడాను. ఆయన తొడమీద చెయ్యి వేస్తూ విన్నారు. అయ్యాక, "అమ్మా, వరస చివర ఒక దెబ్బ సాగదీశావు, ఎందుకు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెయ్యి తట్టారు. తకిట, తకధిమి. తకిట, తకధిమి. మూడు, నాలుగు. మొత్తం ఏడు. ఏడు అవగానే వెంటనే తర్వాతది ఎత్తుకోవాలి. మేం పాడేది ఎనిమిది. మా రిథమ్ ప్యాడ్‌లో ఉన్న లూపులన్నీ, అంటే తిరిగి తిరిగి అవే మోగే దరువులన్నీ, నాలుగు దెబ్బలవో, ఆరు దెబ్బలవో. నాలుగుకి సరిపోవాలంటే ఏడును ఎనిమిది చెయ్యాలి. తమ్ముడు లూపు వేశాడు, నేను చివరి అక్షరం లాగి ఆ ఖాళీ నింపాను. ఎవరూ కావాలని చెయ్యలేదు. ఏడాదికల్లా సంఘం మొత్తానికి అదే అసలు వరసయిపోయింది.

ఒక్క మామ్మకు తప్ప.

నేను కూర్చోలేదు, నిలబడే ఉన్నాను. మామ్మ ప్రతి వరసా మాకంటే ముందు అందుకునేది ఎంత? సరిగ్గా ఒక దెబ్బ. ఆమె పరిగెత్తలేదు. అరవై ఏళ్ళ కిందట నేర్చుకున్న ఏడు దెబ్బల్ని ఏడు దెబ్బల్లాగే పాడింది. ఆగి అందుకోమని చెప్పింది నేను. ఆ పెద్దాయన నా మొహం చూసి "ఏమైందమ్మా?" అన్నారు. చెప్పాను. గది మొత్తం వింటుండగానే చెప్పాను. ఆయన నవ్వలేదు, మందలించలేదు. "మీ మామ్మగారు ఉన్నారు కదా ఇంకా? అయితే ఇంకేం, నీకు గురువు ఇంట్లోనే ఉంది" అన్నారు.

ఆ రాత్రి కూడికలో చాలామంది ముందుకెళ్ళి మోకరించి ఏడ్చారు. నా పక్కనున్న అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకు కన్నీళ్ళు రాలేదు. అంతమంది మధ్య నేనొక్కదాన్నే ఎండిపోయి ఉన్నానా అని భయమేసింది. గాత్రం అక్క వరసల మధ్య నడుస్తూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. "ఏడుపు రాలేదని దిగులుపడకు. ఏం ప్రార్థించాలనుందో అది ప్రార్థించు" అన్నారు. మామ్మ దగ్గర క్షమాపణ అడిగే ధైర్యం ఇమ్మని ప్రార్థించాను. మత్తయి సువార్త 26వ అధ్యాయంలో, కడరాత్రి భోజనం తర్వాత ప్రభువు శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్ళాడని ఉంటుంది. పస్కా పండుగ రోజున బైబిలు కీర్తనల గ్రంథంలో 113 నుంచి 118 వరకూ ఉన్న కీర్తనలు పాడటం యూదుల ఆచారం. అవి ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పాటలే. రేపు సిలువ అనగా ఆయన పాడినవి పెద్దవాళ్ళు నేర్పిన పాటలు. ఆ మాట ఆ రాత్రి నన్ను చాలాసేపు నిద్రపోనివ్వలేదు.

శనివారం గురించి ఒక అసంతృప్తి చెప్పాలి. ఆ రోజు మధ్యాహ్నం అందరం చిన్న జట్లుగా విడిపోయి, సొంతంగా ఒక ఆరాధన క్రమం తయారుచేసి నడిపించి, తప్పులు దిద్దించుకోవాలి. సదస్సుకు నేను వచ్చిందే దానికోసం. వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు గంట మాట్లాడాల్సింది మూడు గంటలు మాట్లాడారు. మంచి ప్రసంగమే. కానీ సాధన ఎగిరిపోయింది. రెండొందల మంది పిల్లలు ఊళ్ళనుంచి ఖర్చు పెట్టుకుని వచ్చింది చేత్తో చేసి నేర్చుకుందామని. నిర్వాహకులు ఎవరో ఒకరు లేచి చీటీ అందించి ఉండాల్సింది. భోజనం అయ్యాక ఆ పెద్దాయనే, బస్సుకు టైమున్నవాళ్ళని ఏడెనిమిది మందిని వరండాలో కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి చేత నడిపించారు. ఆ నలభై నిమిషాలు లేకపోతే నేను సగం నేర్చుకుని ఇంటికి వచ్చేదాన్ని. కళ్ళు తెరిచి పాడమన్నారు. ప్రతి పాటలోనూ ఒక చరణం వాయిద్యాలన్నీ ఆపించేసి జనాన్ని వినమన్నారు. చెయ్యి ఎత్తి జనానికి ఎత్తుగడ ఇవ్వడం, వాళ్ళు గుక్క తిప్పుకునేదాకా ఆగడం అక్కడే నేర్చుకున్నాను.

చీకటి పడ్డాక ఇంటికి చేరాను. మామ్మ అరుగు మీద లైటు కింద లేసు అల్లుతోంది. సంచి కింద పెట్టి పక్కన కూర్చుని, తొడమీద ఏడు తట్టి ఆ కీర్తన పల్లవి ఎత్తుకున్నాను. మామ్మ సూది ఆపలేదు. రెండో వరసకు గొంతు కలిపింది. ఇద్దరం ఒక్కచోటే పడ్డాం. పాట అయ్యాక, "నాదే తప్పు మామ్మా, నేనే సాగదీశాను" అన్నాను. ఆమె చేతిలో పువ్వు తిప్పి చూపించింది. "ఏడు అల్లాల్సినచోట ఎనిమిది అల్లితే పువ్వు వంకరపోద్దే. విప్పి మళ్ళీ అల్లుకోవడమే, ఏముంది?" అంది. మరి నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే మీ వాయింపులో వినపడద్దా?" అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, మామూలుగానే అంది. నాకు కన్నీళ్ళు అప్పుడొచ్చాయి.

పాస్టరు గారితో మాట్లాడాను. ఆయన వెంటనే సరేనన్నారు. తమ్ముడే ఒప్పుకోలేదు. "ప్యాడ్‌లో ఏడు లేదక్కా, నన్నేం చెయ్యమంటావు, ఊరికే కూర్చోమంటావా?" అని అలిగాడు. వాడి బాధ న్యాయమైనదే, ఆ ప్యాడ్ కోసం వాడు ఎండలో ఇల్లిల్లూ తిరిగి కానుకలు పోగుచేశాడు. చివరికి ఆ ఒక్క పాటకు పాత కంజీర, తాళాలు, కీబోర్డు మీద శృతి మాత్రమే అని అనుకున్నాం. స్కేలు E నుంచి C కి దించాం.

ఫిబ్రవరి మొదటి ఆదివారం పెట్టెల మోత తగ్గించి మొదలుపెట్టాం. మొదటి పల్లవికి ఎవరూ పాడలేదు. అంత నిశ్శబ్దం వాళ్ళకూ కొత్త. కింది శృతిలో నా గొంతు పేలవంగా ఉంది, నాకే తెలుస్తోంది. వెనక కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదటి చరణం కూడా అలాగే గడిచింది. రెండో చరణానికి వాయిద్యాలు ఆపించి చెయ్యెత్తాను, కళ్ళు తెరిచే ఉన్నాను. మామ్మ నా కంటే ముందు అందుకుంది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు ముసలమ్మలు. తర్వాత గుమ్మం దగ్గర గోడకానుకుని కూర్చునే తాతగారు, ఆయన పాడతారని నేను ఎరగను. చరణం చివరికి ముప్ఫై దాకా నోళ్ళు కదలడం లెక్కపెట్టాను. ఎనభైలో ముప్ఫై. ఆరాధన అయ్యాక ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి చప్పగా ఉందక్కా అన్నారు. నిజమే, వాళ్ళ వైపు ఇంకా పని ఉంది. వాళ్ళకు నచ్చే కొత్త పాటలు మూడు శృతి దించి సాధన చేస్తున్నాం.

తమ్ముడు పోయిన శనివారం సాయంత్రం ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మామ్మ చేతి తాళం రికార్డు చేసుకుంటాడట, కంప్యూటరులో దాన్నే లూపుగా కోసి ప్యాడ్‌లోకి ఎక్కిస్తాడట. అరుగు మీద ఆమెకెదురుగా కూర్చుని ఫోను దగ్గరగా పెట్టాడు. చేతులు ఖాళీ చేసుకోమంటే మామ్మ సూది, దారం ఒళ్ళో పెట్టుకుంది. రెండు అరచేతులూ ఒకసారి రుద్దుకుని, "పల్లవి నుంచా, చరణం నుంచా?" అని అడిగింది.